రేడియో పెంచిన జంతువులు

కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఆయనకి ఉండేది గానీ, వీధిలో ఎవరికీ దాని అవసరం పడలేదు. అందరూ రేడియో అనే పిలిచేవారు. ఇంటి ముందు గదిలో సెలూను, పక్క గదిలో భార్య కుట్టుమిషను, రెండింటికీ మధ్య ఒక చెక్క గోడ. పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి ఆయన నోరు ఆగేది కాదు. నోట్లో నువ్వుగింజ నానదంటారే, ఆయన నోట్లో నీటిబొట్టు కూడా నానేది కాదు. తను ఏ తేదీన పుట్టాడో, పుట్టినప్పుడు మంత్రసాని ఏమందో, ఏ బళ్లో ఎందుకు తన్నులు తిన్నాడో, చిన్నప్పుడు పెంచిన మేక ఏమేం నమిలిందో కుర్చీలో కూర్చున్న ప్రతి తలకీ తెలుసు. కత్తెరల కోసం ఫోన్లో ఆర్డరు ఇచ్చినప్పుడు క్రెడిట్ కార్డు నంబరు అంకె అంకె చొప్పున గట్టిగా చదివాడు. అవతలివాళ్లకి వినపడలేదంటే ఇంకోసారి చదివాడు.

అలాంటి మనిషికి ఒక శ్రోత దొరికాడు. సన్నగా, శుభ్రంగా ఉండేవాడు, తనకి బీమా పని అని చెప్పేవాడు. జుట్టు పెరిగినా పెరగకపోయినా వచ్చి కూర్చునేవాడు. మిగతావాళ్లు పేపరు అడ్డం పెట్టుకునేవారు, ఫోను చూసుకునేవారు, నిద్రపోయేవారు. ఇతను మాత్రం ప్రతి మాటకీ ఊఁ కొట్టేవాడు. మధ్యమధ్య "మేక రంగేమిటి?" లాంటి ప్రశ్న కూడా వేసేవాడు. రేడియో మురిసిపోయి అతనికి తల మర్దన ఉచితంగా చేసేవాడు.

ఒకరోజు రేడియో భార్యని వెంటబెట్టుకుని సామాన్ల దుకాణానికి వెళ్లాడు, ఆవిడకి కొత్త ఇస్త్రీపెట్టె కొందామని. కార్డు గీస్తే చెల్లలేదు. తుడిచి గీసినా చెల్లలేదు. దుకాణదారు ఇస్త్రీపెట్టెని మెల్లగా తన వైపు లాక్కున్నాడు. రేడియో అక్కడే నిలబడి బ్యాంకుకి ఫోన్ చేశాడు.

అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. మీరు మీరేనని రుజువు కావాలి, చిన్నప్పుడు మీరు పెంచుకున్న జంతువేది అని అడిగింది. రేడియోకి ప్రాణం లేచొచ్చింది. ముందు ఒక కోడిపుంజు ఉండేదని, అది పక్కింటివాళ్ల పాలయ్యాక ఒక కుక్కపిల్ల వచ్చిందని, అది తనని కరవబోతే... అని మొదలుపెట్టాడు.

"రెండు జంతువులు చెప్పారండీ. ఒకటే చెప్పాలి," అంది అమ్మాయి. "పోయిన నెల ఫోన్ చేసినవారు ఒక్క ముక్కలో మేక అని చెప్పారు."

"నేనూ మేక దగ్గరికే వస్తున్నానమ్మా," అన్నాడు రేడియో. కానీ అప్పటికే ఫోను పెట్టేశారు.

మర్నాడు గుర్తింపు కాగితాలన్నీ పట్టుకుని భార్యాభర్తలు బ్యాంకుకి వెళ్లారు. అక్కడ కళ్లజోడు పెట్టుకున్న ఒక ఆఫీసరమ్మ కంప్యూటర్లో చూసి సంగతి తేల్చింది. ఎవరో ఈయన పేరు, పుట్టినరోజు, కార్డు నంబరు, మేక అన్నీ చెప్పి ముందు ఫోన్ నంబరు మార్పించాడు. తర్వాత కార్డు పోయిందని చెప్పి వేరే చిరునామాకి కొత్తది తెప్పించుకున్నాడు. అందుకే పాతది చచ్చిపోయింది. మెసేజిలన్నీ ఆ దొంగకే పోతున్నాయి గనక ఇంట్లో ఎవరికీ చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా వినపడలేదు.

ఖర్చుల జాబితా బయటికొచ్చింది. మగవాళ్ల బూట్లు, సెంట్లు, ఈత కొలనులో ఏడాది సభ్యత్వం, ఆడవాళ్ల ఎత్తుమడమల చెప్పులు. ఆ చివరి మాట దగ్గర భార్య చూపు జాబితా మీంచి తన పాదాల మీదికి, అక్కణ్ణుంచి మొగుడి మొహం మీదికి వెళ్లింది.

"నాకు బకెట్లో నీళ్లన్నా భయమే కదే, ఈత కొలనుకి ఎందుకు పోతాను?" అన్నాడు రేడియో.

"నేను చెప్పుల గురించి ఆలోచిస్తున్నాను," అంది ఆవిడ.

ఆఫీసరమ్మే కల్పించుకుని కాపురం నిలబెట్టింది. కార్డు అప్పటికప్పుడు ఆపేసింది, నంబరు సరిచేసింది, పోలీసులకి ఫిర్యాదు ఇమ్మంది. పాత నంబరుకి ఫోన్ చేసి అడక్కుండా కొత్త నంబరు ఎక్కించడం బ్యాంకు తప్పే కాబట్టి విచారణ అయ్యాక ఆ ఖర్చులు మీ నెత్తిన పడవని ధైర్యం చెప్పింది. చివరికి గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. రహస్య ప్రశ్నకి నిజమే చెప్పాలని రూలేం లేదు, గుర్తుండేది ఏదైనా చాలు, అసలు జంతువే కానక్కర్లేదు. అప్పుడు భార్య కంప్యూటరు దగ్గరికి జరిగి ఒక మాట తనే కొట్టించింది. మొగుడికి చెప్పలేదు. అవసరమైతే నన్నడగండి అంది. ఆ మాటేమిటో ఇప్పటికీ వీధిలో ఎవరికీ తెలియదు. రేడియోకి తెలిసి ఉంటే తెలిసేది.

పోలీస్ స్టేషన్లో చెప్పుల దుకాణం కెమెరా బొమ్మ చూపించారు. కెమెరా వెనక గోడకి ఉంది గనక దొంగ వెనక తల తప్ప ఏమీ పడలేదు. రేడియో ఒక్క చూపు చూసి, ఆ కటింగు నాదే, మెడ మీద గీత చూడండి అని గర్వంగా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు ఆశగా లేచి, అయితే ఎవరో చెప్పమన్నాడు. ఆయనకి వచ్చింది ఒకటే కటింగు. ఆ పేటలో మగ తలలన్నీ వెనక నుంచి అలాగే ఉంటాయి. బొమ్మ పట్టుకుని పక్కన నిలబడ్డ కానిస్టేబులు కూడా అక్కడే చేయించుకుంటాడు. ఇన్‌స్పెక్టరు బొమ్మ వంకా అతని తల వంకా రెండుసార్లు చూసేసరికి, ఆ రోజు తను డ్యూటీలో ఉన్నానని పాపం కానిస్టేబులు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

ఇంటికొచ్చాక రేడియో మౌనం పట్టాడు. ఎవడు విని ఎవడికి మోశాడో తెలియనప్పుడు నోరు మూసుకోవడమే మేలనుకున్నాడు. అది బెడిసికొట్టింది. వాగే మనిషి చేతిలో కత్తి ఉంటే ఎవరికీ భయం లేదు గానీ, మాటా పలుకూ లేకుండా గొంతు దగ్గరికి కత్తి తెచ్చేవాణ్ణి ఎవరు నమ్ముతారు? పప్పుల కొట్టాయన సగం గడ్డంతోనే లేచిపోయాడు. లెక్కల మాస్టారు లోపలికొచ్చి, ఇంట్లో అంతా క్షేమమేనా అని భార్యని అడిగి వెళ్లాడు.

మాట్లాడక తప్పదు, నిజం చెప్పకూడదు. అప్పుడు ఆఫీసరమ్మ మాట గుర్తొచ్చి రేడియో అబద్ధాలకి దిగాడు. ఒకరికి శీతాకాలంలో పుట్టానన్నాడు, ఇంకొకరికి నడి వేసవిలో ఓడలో పుట్టానన్నాడు. లెక్కల మాస్టారికి చిన్నప్పుడు తాబేలుని పెంచానన్నాడు. కరెంటు పనివాడికి ముంగిస. పప్పుల కొట్టాయనకి నక్క. పాత కథలు విని విని విసిగిపోయినవాళ్లు కూడా పేపర్లు పక్కన పెట్టి వినసాగారు. బీమా మనిషి వచ్చినప్పుడు రేడియో తన కార్డు దొంగతనం కథంతా చెప్పుకున్నాడు. అతను అయ్యో అన్నాడు, పాపం అన్నాడు, ఎంత దుర్మార్గులండీ అన్నాడు. అంత జాలి చూపించినవాణ్ణి ఊరికే పంపడం బాగుండదని రేడియో ఒక ఒంటెని పుట్టించాడు. చిన్నప్పుడు ఇంట్లో అందరూ మేక అనుకున్నది నిజానికి ఒంటెపిల్ల అని, బ్యాంకులో కూడా ఇప్పుడు అలాగే దిద్దించానని చెప్పాడు.

వారం తిరక్కుండా బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. ఈసారి సరైన నంబరుకే వచ్చింది. ఎవరో మీ పేరు చెప్పుకుని కొత్త కార్డు కావాలంటున్నారు, జంతువు ఒంటె అంటున్నారు, కాదంటే ఒంటేనని మాతోనే పోట్లాడుతున్నారు, అది మీరేనా అని అడిగింది అమ్మాయి. నేను కాదమ్మా, ఒంటెని ఎవరికి అంటగట్టానబ్బా అని రేడియో పైకే అన్నాడు. ఎంత తల గోక్కున్నా గుర్తు రాలేదు.

చెక్క గోడ అవతల మిషను ఆగింది.

"ఒంటె ఆ ఊఁ కొట్టే బీమా ఆయనకి," అంది భార్య. "తాబేలు మాస్టారికి, ముంగిస కరెంటతనికి, నక్క పప్పులాయనకి. ఒంటె ఇంకెవరికీ చెప్పలేదు మీరు."

ఆవిడే స్టేషనుకి ఫోన్ చేసి చెప్పింది. ఇన్‌స్పెక్టరు నమ్మీ నమ్మనట్టు విని, మళ్లీ వస్తే కాసేపు కూర్చోబెట్టమన్నాడు. వాడు రానే వచ్చాడు. ఎక్కడ తప్పు జరిగిందో తెలుసుకుందామనే వచ్చి ఉంటాడు. గడ్డం చెయ్యమని కూర్చుని, "ఆ ఒంటె సంగతి ఇంకా చెప్పండి," అన్నాడు.

రేడియో వాడి మెడ చుట్టూ గుడ్డ బిగించి మొహమంతా నురగ పట్టించాడు. గడ్డం త్వరగా అయిపోకూడదు గనక కత్తి మాత్రం ముట్టుకోలేదు. ఒంటె తిండి గురించి చెప్పాడు, దాని అలక గురించి చెప్పాడు, పడుకునేటప్పుడు ఏ కాలు ముందు మడిచేదో చెప్పాడు. నురగ ఆరిపోతే మళ్లీ పట్టించి, దానికి పెళ్లి చెయ్యాలని ఇంట్లో తలపెట్టడం గురించి చెప్పాడు. పక్క గదిలో భార్య గొంతు తగ్గించి ఫోన్లో మాట్లాడుతున్నది వినపడకుండా ఒంటెలా అరిచి కూడా చూపించాడు. కానిస్టేబులు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. వెంటనే లేవలేదు. పెళ్లి జరిగిందో లేదో తెలుసుకోవాలని ఆగానని అతనే తర్వాత ఒప్పుకున్నాడు. ఈలోగా అద్దంలో ఖాకీ బట్ట చూసిన బీమా మనిషి తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు. సంచీలో ఇతరుల పేర్ల మీద కార్డులు, సిమ్ములు దొరికాయి. పళ్ల డాక్టరు వరండాలో, దర్జీ కొట్లో, ఎక్కడ జనం మాట్లాడుకుంటారో అక్కడల్లా వాడు ఊఁ కొట్టి వచ్చాడట. కాళ్లకి ఆ కొత్త బూట్లే ఉన్నాయి.

ఆ సాయంత్రం షట్టరు సగం దించి రేడియో నేల ఊడుస్తున్నాడు. గెలిచిన మనిషి మొహంలా లేదు. ఏమైందని భార్య అడిగింది.

"వాడు దొంగే, కాదనను. కానీ ఇన్నేళ్లలో నా మాట అంత శ్రద్ధగా విన్నవాడు ఇంకొకడు లేడు," అన్నాడు.

ఆవిడ దారం పళ్లతో తెంపింది. "మరి ఏ జంతువు ఎవరిదో నాకెలా తెలిసిందనుకున్నారు?"

రేడియో చీపురు గోడకి ఆనించాడు. వచ్చి మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, ఇవాళ నువ్వేం కుట్టావని అడిగాడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది.