పాయ నీళ్ళకు హద్దులు

1997 వానాకాలంలో నన్ను బెజవాడ ఆఫీసు నుంచి దివిసీమ చివరికి బదిలీ చేశారు. హోదా మత్స్యాభివృద్ధి అధికారి. మాలో మేము ఎఫ్‌.డి.ఓ. అనుకునేవాళ్ళం. పేరు ఘనంగానే ఉంటుంది గానీ, పైన అసిస్టెంటు డైరెక్టరు ఏ.డి., ఆయన పైన బందరులో డిప్యూటీ డైరెక్టరు డి.డి., ఆ పైన హైదరాబాదు. మధ్యలో మా బోటివాళ్ళ పని జీపు లేని చోట సైకిలు, సైకిలు పోని చోట పడవ ఎక్కి తిరగడం. ఈసారి అప్పగించిన పని మాత్రం నాకు నచ్చింది. నాగాయలంక దాటాక నది పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట ఉప్పునీటిని మడులుగా విడదీసి, అక్కడి చేపలవాళ్ళకు లీజుకిచ్చి, ఆల్చిప్పలు పెంచే పని నేర్పించాలి. మన జిల్లాలో అప్పటికి చెరువులకే లీజులు. పారే నీళ్ళకు లీజు ఇవ్వడం మాకూ కొత్తే.

ఆల్చిప్పలకు మేత వెయ్యక్కర్లేదు, మందు కొట్టక్కర్లేదు. నీళ్ళలో కొట్టుకొచ్చే నలుసులే వాటి తిండి. పాయలో వెదురు పందిరి వేసి, దానికి కొబ్బరితాళ్ళు వేలాడదీస్తాం. విశాఖ వైపు రాళ్ళ మీద నుంచి తెచ్చిన పిల్ల చిప్పలను తాడు చుట్టూ పేర్చి, పల్చటి నూలు గుడ్డతో చుట్టి కుడతాం. గుడ్డ నీళ్ళలో చివికిపోయేలోగా చిప్ప తన పీచుతో తాడును పట్టేసుకుంటుంది. ఆ గుడ్డ పీలికలు పెడనలో మగ్గాల ఇళ్ళ నుంచి తెప్పించేవాణ్ణి. వానలు వెనకపట్టాక తాళ్ళు దించి, మళ్ళీ వరదనీరు వచ్చి పాయలో ఉప్పు తగ్గిపోయేలోగా పంట తీసెయ్యాలి. చుట్టూ రొయ్యల చెరువులు తెగుళ్ళతో ఎండిపోతున్న రోజులవి. చెరువుల మురుగంతా పాయలోకే వచ్చి, వలల్లో చేప పడటం తగ్గిపోయింది. ఇలాంటప్పుడు ఇంత శుభ్రమైన సాగు దొరికిందని నేను నిజంగానే సంబరపడ్డాను.

పాయ ఒడ్డునున్న చేపలవాళ్ళ పల్లెకు పెద్ద నాంచారయ్య. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. మొదటి రోజే నన్ను పడవలో తిప్పి, పాయలో గుంజలు పాతి వలలు కట్టే తావులన్నీ చూపించాడు. కొన్ని తావుల్లో చేప బాగా పడుతుంది, కొన్నిట్లో పడదు. అందుకని ఏ తావూ ఏ ఒక్కరిదీ కాదు. ప్రతి అమావాస్యకూ ఇళ్ళవాళ్ళు ఒక తావు నుంచి ఇంకో తావుకు జరుగుతారు. దాన్ని వంతు అంటారు. వంతులో ఉన్న మనిషిని నెల తిరక్కుండా ఎవరూ కదపరు. అన్నదమ్ముల మధ్య మాటలు లేకపోయినా వంతు దగ్గర పేచీ రాదు. తాతల నాటి నుంచీ ఇంతేనండి అన్నాడు.

మా లీజు షరతులు ఇందుకు సరిగ్గా అడ్డం. ఒక మడికి ఒక పేరు. ఆ పేరున్న మనిషే స్వయంగా సాగు చెయ్యాలి, ఇంకొకరికి అప్పగిస్తే ఉపలీజు కింద లెక్కకట్టి రద్దు చేస్తారు. పైగా మడులు తక్కువ, ఇళ్ళు ఎక్కువ. నేను బందరు వెళ్ళి, ఊరు మొత్తానికి కలిపి ఒకే లీజు ఇద్దామని డి.డి. గారిని అడిగాను. ఆయన మంచివారే. అయితే సొసైటీ రిజిస్టరు కావాలి, దానికి నెలలు పడుతుంది, పిల్ల చిప్పల అదను పోతుంది అన్నారు. ముందు పేర్ల మీద ఇచ్చెయ్యవయ్యా, సొసైటీ సంగతి నేను చూస్తానుగా అని భరోసా ఇచ్చారు. సొసైటీ ఫైలు కదిలింది కూడాను, నత్తతో పోటీ పడుతూ. సర్వేవాళ్ళు వచ్చి పాయను కొలిచారు, మడుల మూలల్లో ఎర్రజెండాలు పాతారు, పటం గీశారు. లీజులు కొన్ని పేర్ల మీద వచ్చాయి, అందులో నాంచారయ్య పేరూ ఒకటి. ఊరు మాత్రం పంటంతా అందరిదీ, కాపలా, తాళ్ళు కడగడం, చిప్పలు పల్చన చెయ్యడం వంతుల మీద అని తీర్మానించుకుంది.

వంతుల్లోకి పెద్దింట్లమ్మ కూడా వచ్చింది. ఆమె మొగుడు పడవ బోల్తాపడి పోయాడు. వల లాగే మగమనిషి లేని ఇంటికి ఆ ఊళ్ళో వంతు ఉండదు. చేపలు చీరే పనికీ, కోత కూలికీ పోయి కూతుర్ని పెంచుకుంటోంది. ఆల్చిప్పలకు వల అక్కర్లేదు గనక ఆమె ఇంటికీ వంతు పెట్టాలని ఊరు ఒప్పుకుంది. మొదటి అమావాస్యకు నడుం లోతు నీళ్ళలోకి దిగి, పందిరి పట్టుకుని, "ఇన్నాళ్ళకి నేనూ ఈ ఊరి మనిషినయ్యానండీ" అంది. ఆ మాట విన్నాక ఆ పథకం మీద నాకు మమకారం పెరిగిందంటే అబద్ధం కాదు.

చిప్పలు బ్రహ్మాండంగా ఎదుగుతున్నాయి. బందరులో ఎండుచేపల వ్యాపారి ఖాదర్ బాషా గారు తాడొకటి పైకి తీయించి, గుత్తిని చేత్తో తూచి చూసి, "సరుకంటే ఇదీ సార్! మద్రాసు హోటళ్ళకు నేను పంపిస్తా, మీరు మాత్రం ఇంకెవరికీ మాటివ్వకండి" అన్నారు. సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి ఒక జాయింటు డైరెక్టరు గారు తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. సొసైటీ ఫైలు ఇంకా సంతకం కాలేదు.

ముందు రోజు సాయంత్రం నాంచారయ్య ఇంటికెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రేపు ఆ గంటసేపూ లీజు ఎవరి పేర ఉంటే వాళ్ళే ఆ మడిలో నిలబడాలి, లేకపోతే మొదటికే మోసం వస్తుందన్నాను. అలాగేలెండి అన్నాడు. మగవాళ్ళంతా సరేనన్నారు, వాళ్ళలో వాళ్ళు మడులు మార్చుకోవడం చిటికెలో పని. నాంచారయ్య పేరున్న మడిలో ఆ నెల వంతు పెద్దింట్లమ్మది. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

మర్నాడు జె.డి. గారి పడవలో నేనూ ఉన్నాను. ఒక్కో మడి దగ్గర పేరు అడగడం, కాగితంలో చూడడం, తలూపడం. అన్నీ సరిపోయాయి. చివరిది నాంచారయ్య పేరున్న మడి. పెద్దింట్లమ్మ నీళ్ళలో నిలబడి తాడు కడుగుతోంది. నాంచారయ్య గట్టు మీద నిలబడి ఉన్నాడు.

ఈ మడి ఎవరిదమ్మా అని జె.డి. గారు అడిగారు.

"అమావాస్య దాకా నాదేనండి. ఆ తర్వాత సుబ్బారావు వాళ్ళది" అంది, ఏమాత్రం తడుముకోకుండా.

ఆయన నా వైపు చూశారు. ఇది ఉపలీజు కాదనీ, ఇక్కడి కట్టుబాటు ఇదనీ, సొసైటీ ఫైలు నడుస్తోందనీ గబగబా చెప్పాను. విన్నారు. కట్టుబాటు బాగానే ఉందయ్యా, షరతులో లేదుగా, నేను చూసింది నేను రాయకపోతే నా ఉద్యోగం ఎందుకు అన్నారు. ఆయన తప్పు మాట్లాడారని ఇప్పటికీ అనలేను.

పడవ దిగాక నాంచారయ్య మీద విరుచుకుపడ్డాను. ఒక్క గంట! ఆ ఒక్క గంట ఆమెను గట్టెక్కమనలేకపోయావా? ఊరి కొంప ముంచావు గదయ్యా అన్నాను.

ఆయన కోప్పడలేదు. "చెబుదామనే ఎల్లానండి. తెల్లారకముందే వచ్చి నీళ్ళల్లో ఉంది. పెద్ద ఆఫీసరు వస్తాడని చీర కూడా మంచిది కట్టుకుంది. ఇన్నేళ్ళకి వంతు వచ్చిన ఆడమనిషిని నా నోటితో లెగమని ఎట్టా అంటానండీ?" అన్నాడు.

రద్దు ఉత్తర్వు వచ్చింది, ఒక్క మడికి కాదు, అన్నిటికీ. విచారిస్తే మిగతా మడులూ వంతుల మీదే నడుస్తున్నాయని తేలింది. ఎవరూ దాచలేదు మరి. డి.డి. గారు నా కోసం రెండుసార్లు హైదరాబాదు ఫోన్ చేశారు. నేను కాళ్ళరిగేలా తిరిగాను. పంట చేతికొచ్చేదాకా గడువైనా ఇప్పించలేకపోయాను. మడులు ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్ళు సగం ఎదిగిన చిప్పలను తాళ్ళతో సహా ఒడ్డున పడేశారు. ఖాదర్ బాషా గారు గుల్లల కుప్ప వైపు చూసి, సున్నానికి తప్ప ఎందుకూ పనికిరాదు సార్ అని వెళ్ళిపోయారు. తన వల్లే ఊరు నష్టపోయిందని పెద్దింట్లమ్మ మనసులో పడిపోయింది. కాదని ఊరంతా చెప్పినా వినలేదు. ఆ ఎండాకాలమే కూతుర్ని తీసుకుని హనుమాన్ జంక్షన్ వైపు ఎక్కడో పనికి వెళ్ళిపోయింది.

అంతటితో పోయినా బాగుండేది. పటం ఉంది, హద్దులున్నాయి, సర్వే నంబర్లున్నాయి. ఖాళీగా ఉన్న మడులు వేలానికి పెట్టాలని మరుసటి ఏడు ఉత్తర్వు వచ్చింది. పై ఊరి చెరువుల ఆసామి ఒకాయన అన్నీ కలిపి పాడుకున్నాడు. ఆయన ఆల్చిప్పలూ పెంచలేదు, చేపలూ పెంచలేదు. పాయలో తిరిగే చేపంతా తనకే పడేలా అడ్డంగా వెదురుతడికలు కట్టించి కాపలావాణ్ణి పెట్టాడు. పల్లెవాళ్ళ గుంజలు పీకించాడు. కాగితం ప్రకారం ఆయనదే న్యాయం. నేను నోట్ మీద నోట్ పెట్టాను. నాకు ఏలూరు బదిలీ అయ్యింది.

2004లో పని మీద అటు వెళ్ళి నాంచారయ్యను చూశాను. వంతులు ఎలా నడుస్తున్నాయని నోరు జారి అడిగాను. "ఏసుకోటానికి నీళ్ళుండాలి గదండీ" అన్నాడు, పాత నవ్వే నవ్వుతూ. ఆ నవ్వు చూడలేక తల దించుకున్నాను.

రిటైరయ్యాక బెజవాడలో కుర్ర ఆఫీసర్ల శిక్షణ తరగతులకు నన్ను అప్పుడప్పుడు పిలుస్తుంటారు. సముద్రపు నీళ్ళకు లీజులు ఇవ్వడం గురించి అడుగుతారు. సాగు మంచిదే, ఇవ్వండి అంటాను. కానీ ఆ నీళ్ళను ఊరు ఎలా పంచుకుంటుందో అదే ముందు షరతుల్లోకి ఎక్కించండి, అది సంతకమయ్యేదాకా సర్వే గొలుసు బయటికి తియ్యకండి అని చెబుతాను. మేము కొలవకముందు ఆ పాయ కాగితం మీద ఎవరిదీ కాదు, అందుకే అది ఆ పల్లెది. వాళ్ళకు ఇద్దామనే కొలిచాం. కొలిచాక అది ఎవరైనా పాడుకోగలిగిన సరుకయ్యింది.