ఎగిరే పడవకు రెక్కలు కుట్టాను

సౌదీలో, అల్ అజీజియాలో మా ఎదురు ఫ్లాట్‌లో ఒక రష్యన్ జంట ఉండేవారు. ఆయనకు అరవై దాటాయి. ఓడలు బాగుచేసే కంపెనీలో ఇంజనీరు. ఆమె ఆయన కంటే నాలుగైదేళ్లు చిన్న. ఆయన్ని సార్ అనీ, ఆమెను మేడమ్ అనీ పిలిచేదాన్ని. లిఫ్ట్‌లో ఎదురుపడితే నవ్వుకోవడమే తప్ప మాటలుండేవి కావు. మా ఆయన ఏసీ టెక్నీషియన్. ఎండలు ముదిరితే ఇంట్లో కనిపించడమే తక్కువ. నేను మిషన్ పెట్టుకుని చుట్టుపక్కల మనవాళ్లకు జాకెట్లు కుట్టేదాన్ని, అబాయాలు పొడవు తగ్గించి ఇచ్చేదాన్ని.

ఒక మధ్యాహ్నం మేడమ్ తలుపు తట్టింది. ఒక చేతిలో పల్చటి తెల్లగుడ్డ. ఇంకో చేతిలో సన్న పుల్లలతో చేసిన చిన్న నిచ్చెనలాంటిది, నా చేయంత పొడవు.

"దీనికి కుట్టాలి. కొలత ఇదే," అంది.

"ఏమిటిది?"

"రెక్క."

నాకు సరిగా వినపడలేదేమో అనుకున్నాను. మా ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే. మాట అందనిచోట చేతులు తిప్పేవాళ్లం, అదీ కుదరకపోతే ఫోన్లో తర్జుమా చూసుకునేవాళ్లం. ఆమె ఫోను తీయలేదు, నా చెయ్యి పట్టుకుని వాళ్లింటికి తీసుకెళ్లింది.

భోజనాల బల్ల మీద ఒక చెక్కపడవ ఉంది. దాని పైన పుల్లల గూళ్లు ఒకదాని మీద ఒకటి, రెండు వరసల రెక్కలు. సార్ పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు జబ్బు మొదలై ఏడాది దాటిందట. చెక్కపని అంతకుముందే అయిపోయింది, గుడ్డ పని మిగిలిపోయింది.

"మా ఆవిడ సూదులు పారేసుకోవడంలో దిట్ట," అన్నారు సార్. మేడమ్ ఆయన నెత్తి మీద మెల్లగా ఒకటి వేసింది.

అది ఎగిరే పడవ నమూనా అని సార్ చెప్పారు. అసలుది మొదటి ప్రపంచయుద్ధం నాటి రష్యా నౌకాదళానిది. నీళ్ల మీదనుంచే లేచి, నీళ్ల మీదే దిగేది. ఫ్రాన్సునుంచి వచ్చిన ఒక నీటివిమానం దెబ్బతింటే, దాన్ని బాగుచేస్తూ పొట్ట కురచ చేశారట, అడుగుభాగం మార్చారట. అక్కణ్ణుంచి సొంతంగా ఒకటి తర్వాత ఒకటి కట్టుకుంటూ పోయారు. ఐదోది బాగా కుదిరింది. ఓడ మీద తీసుకెళ్లి క్రేనుతో నల్లసముద్రంలోకి దించేవారు. ఇద్దరు పక్కపక్కన కూర్చునేవారు. ఒకరు నడిపితే, రెండోవారు శత్రువు ఓడలు ఎక్కడున్నాయో చూసేవారు.

"బాంబులు కూడా వేసేవారా?" అని అడిగాను.

"వేసేవారు," అన్నారు ఆయన, దాచకుండా.

చేతిలో గుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకున్నాను. నా ముఖం చూసి చెప్పారు. "మా ముత్తాత ఈ పడవలకు మెకానిక్కు. అవి ఎగిరిపోయాక ఒడ్డున నిలబడి చప్పుడు కోసం చెవులు రిక్కించేవాడట. ఇంజను చప్పుడు వినబడిన రోజే అన్నం తినేవాడట. మా అమ్మ చెప్పేది. నాకు ఆయన గురించి అదొక్కటే తెలుసు."

గుడ్డ ఇంటికి తెచ్చుకున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చి మిషన్ మీద పుల్లలు చూశాడు.

"ఏందిమే ఇది, కొత్త రకం జాకెట్టా?"

"విమానం రెక్క."

"నీకేమన్నా పిచ్చి పట్టిండాదా?"

మర్నాడు ఆయనే వాళ్లింట్లో నేలమీద మోకాళ్లేసుకుని ఆ పడవ అడుగు తడుముతున్నాడు. "సందులుండాయి, నీళ్లు దూరతాయి. సిలికాన్ పెడ్తానని సార్‌కు చెప్పు," అన్నాడు. ఆ వారం పనినుంచి రాగానే చాయ్ కూడా తాగకుండా ఎదురింటికి పోయేవాడు.

నేను మాత్రం తప్పుచేశాను. జాకెట్టు బిగుతుగా ఉంటేనే అందం అన్న అలవాటుతో రెక్కకు గుడ్డ లాగి బిగించి కుట్టాను. దాని మీద సార్ వార్నిష్‌లాంటి మందు పూయించారు. అది ఆరేకొద్దీ గుడ్డ ముడుచుకుంటుందని నాకు తెలియదు. పొద్దున చూస్తే రెక్క అప్పడంలా మెలితిరిగింది, రెండు పుల్లలు విరిగాయి. నాకు ఏడుపొచ్చింది. ఆయన ఎన్ని నెలలు కూర్చుని చెక్కిన పుల్లలో అవి.

"సారీ సార్," అంటే ఆయన పగలబడి నవ్వారు.

"వాళ్లకు ఐదోసారి కుదిరింది. నీకింకా నాలుగున్నాయి."

నాకు రెండోసారే కుదిరింది. కొంచెం వదులుగా కుట్టాను. మందు ఆరాక వేలితో మీటితే డప్పులా మోగింది.

ఆ రోజుల్లోనే పడవ కింద మెట్టులా ఒక విరుపు ఎందుకని అడిగాను. సార్ తడి బల్ల మీద తడి పళ్లెం బోర్లించి లాగమన్నారు. అంటుకుపోయి రాలేదు. అంచు కింద గోరు దూర్చగానే లోపలికి గాలి పోయి ఊడొచ్చింది. "నీళ్లు పడవను వదిలిపెట్టవు. ఆ మెట్టు దగ్గర వదిలిపెడతాయి," అన్నారు.

మేడమ్ పడవలోని రెండు చిన్న కుర్చీలనూ తుడుస్తూ, "ఇందులో నేనెవర్ని?" అని అడిగింది.

"చూసేదానివి. నువ్వు చూడకపోతే నేను దారి తప్పుతాను."

ఆమె చాయ్ గ్లాసు ఆయన పెదాల దగ్గర పట్టుకుంది. చుక్క కూడా ఒలకలేదు.

ఆయన కాంట్రాక్టు అయిపోయింది. ఇక తిరిగి రాకుండా దేశం వదిలే ఫైనల్ ఎగ్జిట్ కొట్టాక, వెళ్లేముందు ఒక శుక్రవారం నలుగురం హాఫ్ మూన్ బే బీచికి వెళ్లాం. నమాజయ్యాక కుటుంబాలు ఒక్కొక్కటే వచ్చి చాపలు పరుస్తున్నాయి. పడవకు ఇంజను లేదు. ముక్కుకు చేపల గాలపు తాడు కట్టి, ఒడ్డు వెంబడి మా ఆయన పరుగెత్తి లాగాలి.

మొదటిసారి ముక్కు నీళ్లలో గుచ్చుకుని బోల్తాపడింది. పక్క చాప మీది సౌదీ పిల్లలు నవ్వారు. మేడమ్ ముఖం ఎర్రబడింది. సార్ మాత్రం ముందున్న బరువు తీసి వెనక్కి జరపమన్నారు. రెక్కల నీళ్లు నా చున్నీతో అద్దాను.

రెండోసారి పడవను తానే వదులుతానన్నారు సార్. నీళ్లలో నిలబడటం ఆయనకు కష్టం. మేడమ్ ఆయన నడుం చుట్టూ చెయ్యి వేసి మోకాలి లోతు దాకా తీసుకెళ్లింది. ఆయన వణికే చేతుల కింద తన చేతులు పెట్టింది. నాలుగు చేతుల్లో పడవ ఉంది.

"రెడీనా?" అని మా ఆయన ఒడ్డునుంచి అరిచాడు. "పరుగెత్తాలా?"

"పరుగెత్తు!" అని నేను తెలుగులోనే అరిచాను.

ఇసుకలో కాళ్లు కూరుకుపోతున్నా ఆయన గాలికి ఎదురు ఉరికాడు. పడవ నీళ్లు చీల్చుకుంటూ పోయి, తల ఎత్తి, కాసేపు నీళ్ల మీద జారింది. ఉన్నట్టుండి కింద నురగ ఆగిపోయింది. పడవకూ నీళ్లకూ మధ్య ఎండ కనిపించింది.

"లేచింది! సార్, లేచింది!"

నడుమెత్తు లేచిందేమో. గాల్లో ఎంతోసేపు నిలవలేదు. మెల్లగా దిగి, ఊగి, నిలబడింది. పక్క చాప మీది పెద్దాయన "మాషా అల్లా" అంటూ చప్పట్లు కొట్టాడు. ఖర్జూరాలు, వాళ్ల గహ్వా కాఫీ పంపించాడు. మా ఆయన రొప్పుతూ ఇసుకలో వెల్లకిలా పడిపోయాడు. సార్ నీళ్లలోంచి కదల్లేదు. మేడమ్ భుజం మీద తల వాల్చి నిలబడ్డారు. ఆయన వీపు కదులుతోంది. మేము వేరేవైపు చూశాం.

వెళ్లే రోజు రెక్కలు విడదీసి, ఏసీ అట్టపెట్టెల్లో పాత దుప్పట్లు చుట్టి మా ఆయనే సర్దాడు. విమానాశ్రయంలో మేడమ్ నన్ను గట్టిగా పట్టుకుని తన భాషలో ఏదో చెప్పింది. ఫోను తీయలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు శుక్రవారాల్లో మేడమ్ వీడియో కాల్ చేస్తుంది. సార్ మాట కొంచెం తగ్గిందట, కానీ సాయంత్రం నది ఒడ్డున నడుస్తారట. పడవ బీరువా మీద ఉందట. పెరట్లో వేసిన బంగాళాదుంపలు ఎలా వచ్చాయో చెబుతుంది. ఇక్కడి ఉక్కపోత గురించి నేను చెబుతాను. మా ఆయన పక్కనుంచి తల దూర్చి, "సార్, బాగుండారా?" అని తెలుగులో అడుగుతాడు. ఆయన చెయ్యి ఎత్తి ఊపుతారు.