కిందికి దిగే గీత కోసం ఉంజింటో దాకా

ఈ ప్రయాణానికి కారణం షారన్ రాసిన ఉత్తరం. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ మనవాళ్ళూ అందరూ కలిసి మొదటిసారి ఓట్లేసిన ఎన్నికలయ్యి రెండేళ్ళు. నేను ఆంధ్ర నుంచి వచ్చి డర్బన్ దగ్గరి షాల్‌క్రాస్‌లో లెక్కల టీచరుగా చేరి ఏడాది. షారన్ నా క్లాసులోనే చదివింది. మెట్రిక్‌లో లెక్కలు ఒక్కటే తప్పి, ఉంజింటోలో తాతగారింటికి వెళ్ళిపోయింది. సోమవారం సప్లిమెంటరీ పరీక్ష. పాసైతే నర్సింగ్ సీటు నిలుస్తుంది, లేకపోతే పోతుంది. గీతల లెక్కలు ఒక్కసారి మళ్ళీ చెప్పమని రాసింది. శనివారం పొద్దున్నే బయలుదేరాను.

డర్బన్ దాకా బస్సులో ముప్పావు గంట. అక్కడ ఉంజింటో వెళ్ళే మినీబస్ టాక్సీలో ఒక్క సీటే ఖాళీగా ఉంది. నాకేమో ఆకలి. రొట్టెను గుల్ల చేసి బీన్స్ కూర నింపిన బన్నీ చౌ కొనుక్కుని, తీరిగ్గా తిని వచ్చేసరికి అది వెళ్ళిపోయింది. తర్వాతి బండి ఎప్పుడు కదులుతుందని డ్రైవరును అడిగాను. "ఫుల్ అయితేనే, బాబా," అన్నాడు. గంటన్నర పట్టింది నిండటానికి. ఛార్జీ పది రాండ్లు, వెనక వాళ్ళది చేతులు మారుతూ ముందుకు వెళ్తుంది. ఎడమ పక్క సముద్రం, తర్వాత లోపలికి తిరిగితే అంతా చెరకే. ఉంజింటోలో దిగేసరికి పదకొండున్నర దాటింది.

షారన్ భోజనాల బల్ల మీద బైబిలు పక్కకు జరిపి గ్రాఫ్ కాగితాలు పరిచింది. ఏ బిందువులిచ్చినా ఆమె గీత పైకే ఎక్కుతోంది. వాలు మైనస్ రెండు రావాల్సిన చోట రెండే వేస్తోంది. నాలుగోసారికి నాకు విసుగొచ్చి గొంతు పెంచాను. వాళ్ళ తాత మిల్లు చెరకు కొట్టీ కొట్టీ ముసలైన మనిషి. రోజూ తగ్గేది ఏదైనా ఒకటి చెప్పమని ఆయన్ని అడిగాను.

"ఆకు పోడానికి కాల్చి కొట్టిన చెరకు ఆగదు బాబూ. మిల్లుకి పోకపోతే రోజూ తీపి పోతాది," అన్నాడు, తన తాతల నాటి తెలుగులో.

నాకు ప్రాణం లేచొచ్చింది. అడ్డంగా రోజులు, నిలువుగా తీపి. షారన్ మొదటిసారి కిందికి దిగే గీత గీసి, పెన్సిలు ఆపి, మైనస్ ఉంచెయ్యొచ్చా అని తన ఇంగ్లీషులో అడిగింది.

"ఎందుకు ఉంచకూడదు?"

"మీరే చెప్పారు కదా సార్, మైనస్ వస్తే ఎక్కడో తప్పు చేసినట్టేనని. పరీక్షలో కూడా చెరిపేశాను."

త్రిభుజాల భుజాల గురించి అన్న మాట అది. పొడవు మైనస్ రాదు కదా అని. గీతల దగ్గరికొచ్చాక ఆ మాట వెనక్కి తీసుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పటికి రెండున్నర. రెండు బిందువుల నుంచి సమీకరణం రాయడం ఇంకా మొదట్లోనే ఉంది. శనివారం ఆఖరి టాక్సీ మూడింటికి. "ఇంకో గంట ఉంటే వచ్చేసేది సార్," అంది షారన్. చీకటి పడితే ఆ దారిలో గొడవలని అందరూ భయపెట్టేవారు. రాత్రికి అక్కడే ఉండిపోవచ్చని నాకు తోచనే లేదు, మూడింటి టాక్సీ ఎక్కేశాను.

షారన్ మళ్ళీ తప్పింది. వాలు లెక్కలన్నీ చేశానని, సమీకరణాల దగ్గర ఆగిపోయానని రాసింది. ఇప్పుడు ఒక బట్టల కొట్లో పని చేస్తున్నానని, నా మీద కోపం లేదని కూడా రాసింది. కోపం ఉన్నా బాగుండేది. ఆ తర్వాత ఎన్ని బ్యాచ్‌లకు పాఠం చెప్పినా, మైనస్ గుర్తు చూస్తే ఆ పిల్ల చేతిలో రబ్బరే కనిపిస్తుంది.

మీరు ఆ దారిన వెళ్తే ఒకటే చెప్తాను. టాక్సీలో ఒక్క సీటు ఖాళీగా కనిపిస్తే ఎక్కేయండి, బన్నీ చౌ ఉంజింటోలో కూడా దొరుకుతుంది.