గవర్రాజు గారి మూరెడు బాట

గవర్రాజు గారికి పాచి కనపడితే చేతులు ఊరుకోవు. కిరండూల్ గని క్వార్టర్లలో వానలు మొదలయ్యాయంటే కప్పల కంటే ముందు ఆయన తీగ బ్రష్షే అరుస్తుంది. డ్యూటీ నుంచి రావడం, టీ తాగడం, లుంగీ ఎగ్గట్టి బ్లీచింగ్ పౌడరు డబ్బాతో సిమెంటు బాట మీద గొంతుక్కూర్చోవడం. పక్కింటి హరిబాబు గారి దగ్గరికి వ్రతానికి వెళ్ళి, ప్రసాదం పెట్టేలోపు వాళ్ళ కుళాయి గట్టు గీకేశారు. దొన్నె అందుకోవడానికి చెయ్యి ఖాళీ లేక బ్రష్షు చంకలో పెట్టుకున్నారు.

పోనీ శుభ్రంగా అంతా గీకుతారా అంటే అదీ లేదు. మూరెడు వెడల్పున ఒకటే గీత. బజారు గేటు దగ్గర మొదలై, హరిబాబు గారి కుళాయి దగ్గర వంపు తిరిగి, తిన్నగా తమ పెరటి గుమ్మానికి చేరుతుంది. అటూ ఇటూ పచ్చగా పాచి అలాగే ఉంటుంది. సగంలో మంగలి లేచిపోయిన గడ్డంలా ఉందని కాలనీ అంతా నవ్వుకునేది.

ఆ నవ్వంతా పడేది ఆయన భార్య గంగారత్నం మీద. పెరట్లో బట్టల తీగ ఆ చివర ఉంది. బకెట్టు పట్టుకుని పాచి మీద అక్కడికి వెళ్ళిరావడమంటే ఆవిడకి రోజూ ప్రాణగండమే.

"ఊరంతా గీకుతారు. ఇంకో నాలుగడుగులు ఇటు గీకితే మీ సొమ్మేం పోయిందండీ?" అని అడిగింది ఒకరోజు.

"నువ్వు కింద చూసుకుని నడుస్తావుగా రత్నం" అన్నారాయన. ఆ మాటకి రెండు రోజులు ఆయన టీలో పంచదార పడలేదు.

ఇంతలో నీళ్ళ పైపు వేయడానికి కాంట్రాక్టరు మనిషి కమలేష్ కూలీలతో దిగాడు. వాళ్ళు వేసుకున్న సున్నపు గీతలు వానకి కొట్టుకుపోయాయి. కంపెనీ క్వార్టర్లలో నేల మీద గీత కనపడిందంటే తవ్వడానికే. పచ్చటి పాచిలో తెల్లగా మెరుస్తున్న గవర్రాజు గారి గీత చూసి, ఇదే కాబోలని గేటు దగ్గర గడ్డపారలు ఎత్తారు.

సర్వీసంతా గొంతు పెంచి ఎరగని గవర్రాజు గారు పరుగెత్తుకెళ్ళి, బ్రష్షుతో సహా గీత మీద అడ్డంగా నిలబడ్డారు.

"సాబ్, మార్కింగ్ ఉంది కదా. ఖుదాయి, ఈ తవ్వకం ఆపితే నాకు తిట్లు పడతాయి" అన్నాడు కమలేష్.

"ఇది మార్కింగ్ కాదు బాబూ, బాట. పక్కన తవ్వుకో."

ఎవరి బాట అని అడిగితే మాత్రం నోరు విప్పరు. జనం పోగయ్యారు. గంగారత్నానికి తల కొట్టేసినట్టయింది.

అప్పుడే గేటులోంచి సుక్కి వచ్చింది. తెలంగాణ సరిహద్దులోని గొల్లపల్లి వైపు నుంచి ఇటు కోడలుగా వచ్చిన మనిషి, గంగారత్నానికి వాడుకగా కూరకి లేత వెదురు కొమ్ములు తెచ్చి అమ్ముతుంది. నెత్తిన గంప, ఒట్టి కాళ్ళు, నిటారుగా మెడ. కిందికి చూడకుండానే అరికాళ్ళతో గరుకు తడుముకుంటూ గీత మీదే నడిచింది. వంపు దగ్గర వంపు తిరిగింది. హరిబాబు గారి కుళాయి దగ్గర గంప దింపి నీళ్ళు తాగి, మళ్ళీ ఎత్తుకుని గంగారత్నం పెరటి గుమ్మం ముందు ఆగింది. జనమంతా ఆమె వెనకే వచ్చి నిలబడ్డారు.

ఏమైందని అడిగి తెలుసుకుని సుక్కి నవ్వింది.

"పోయిన వానల్ల ఈడనే జారి పడ్డ అమ్మా. కింద చూసి నడువుమన్నడు సారు. నెత్తి మీద గంపుంటే కింద ఎట్ల చూస్తరు సారూ అన్న. తెల్లారి నుంచి గీకుడు షురూ చేసిండు."

గవర్రాజు గారు బ్రష్షులో ఇరుక్కున్న పాచిని మహా శ్రద్ధగా పీకుతున్నారు. కమలేష్ ఇంకేమీ అడగకుండా కూలీల్ని బాట పక్కకి జరగమన్నాడు. గంగారత్నానికి మొగుడి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ పూట వెదురు కొమ్ముల కూర ఆయనకి రెండుసార్లు వడ్డించింది.

కానీ బట్టల తీగ ఎక్కడుందో అక్కడే ఉంది కదా. మర్నాడు పొద్దున ఆవిడ తడిబట్టల తొట్టి నెత్తిన పెట్టుకుని, మెడ నిటారుగా నిలిపి, మబ్బుల్ని చూస్తూ గుమ్మం దిగబోయింది.

గవర్రాజు గారు తాగుతున్న టీ గట్టు మీద వదిలేసి బ్రష్షు అందుకున్నారు.

"ఆగు రత్నం. అక్కడే ఉండు" అంటూ లుంగీ ఎగ్గట్టారు.

తీగ దాకా గీత పడేవరకు ఆవిడ తొట్టి దించలేదు, కిందికీ చూడలేదు.