పీరు చెవి, కరిముల్లా డాక్టరేటు

డాక్టరేటు కోసం కరిముల్లా ఒక మనిషి చెవి కోశాడు. అదీ సొంత మనిషి చెవి. విజయవాడ ఆటోనగర్లో, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా.

కోశాడంటే కత్తి పెట్టి కాదనుకోండి. నెత్తురు కారలేదు, కుట్లు పడలేదు, పోలీసులు రాలేదు. చెవి ఉన్నచోటే ఉంది, బీడీ కూడా ఇంకా దాని మీదే దోపుకుంటున్నాడు ఆ మనిషి. కానీ ముప్పై ఏళ్లు అన్నం పెట్టిన చెవి ఆ తర్వాత అన్నం పెట్టలేదు. కాబట్టి మొదట అన్న మాటలో సగం వెనక్కి తీసుకోవచ్చు. మిగతా సగం అలాగే ఉంచాలి.

ఆ చెవి పీరుది. రామకోటేశ్వరరావు గారి కమాన్ల ఫ్యాక్టరీలో పెద్ద మేస్త్రీ. లారీ కింద దొంతరగా పేర్చి బిగించిన ఉక్కు పట్టీలుంటాయి చూశారూ, బండి బరువంతా మోసేవి, అవే కమాన్ పట్టీలు. కొలిమిలో కాల్చి, వంచి, నూనె తొట్టిలో ముంచి తీశాక ఒక్కో పట్టీనీ కొక్కేనికి వేలాడదీసేవారు. షెడ్డులో పనిచేసే లాజరు సుత్తితో ఒక్క దెబ్బ వేసేవాడు. పీరు కళ్లు మూసుకుని వినేవాడు. ఆ మోత పూర్తిగా చచ్చేదాకా షెడ్డులో ఎవరూ నోరెత్తకూడదు. బాగుంటే సుద్దముక్కతో గీత, లేకపోతే మళ్లీ కొలిమికి. కంకిపాడులో లారీ గతుకెక్కి దిగితే ఆటోనగర్లో కూర్చుని "ఎడం పక్క మూడో పట్టీ పోయింది" అనేవాడట. కంకిపాడు అనడం కాస్త ఎక్కువే. పటమట అనుకుందాం. పటమట నుంచైతే కచ్చితంగా చెప్పేవాడు.

కరిముల్లా భార్య సయీదాకు పీరు సొంత మేనమామ. డెబ్బై నాలుగులో కరిముల్లాను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గుమాస్తాగా చేర్పించింది అతనే. కరిముల్లా కష్టపడే మనిషి. సాయంత్రం కాలేజీలో బీకాం చదివాడు, పోస్టులో ఎంబీఏ తెప్పించుకున్నాడు, మెట్టు మెట్టుగా సీనియర్ మేనేజర్ అయ్యాడు. అయ్యి, అక్కడే ఆగిపోయాడు. తొంభై ఏడు నాటికి తొమ్మిదేళ్లుగా సీనియర్ మేనేజరే. పక్కనే జనరల్ మేనేజర్ గది తాళం వేసి ఉండేది. రోజూ ఆ తాళం ముందు నుంచే తన కుర్చీకి వెళ్లేవాడు.

"మీకివ్వడానికి నాకేం అభ్యంతరం లేదండీ కరిముల్లా గారూ," అనేవారు రామకోటేశ్వరరావు గారు. "కానీ రేపు పెద్ద కంపెనీలవాళ్లొచ్చి కూర్చుంటారు. ఎదురుగా ఉన్నాయన పేరు ముందు ఏదో ఒకటి కనపడాలి కదా."

ఆ ఏదో ఒకటి కోసం నలభై మూడో ఏట కరిముల్లా మళ్లీ విద్యార్థి అయ్యాడు. ఉద్యోగాల్లో ఉన్న పెద్ద మేనేజర్ల కోసం ఒక యూనివర్సిటీ పార్ట్‌టైమ్ డాక్టరేటు పెట్టింది. ఆదివారాలు క్లాసులు, ఆరేళ్ల గడువు, పరిశోధన ఎవరి సంస్థ మీద వాళ్లే చేసుకోవచ్చు. గైడు హరిబాబు గారనే ప్రొఫెసరు. మొదటి ఏడాది కరిముల్లా పరిశోధించింది ఎక్కువగా హరిబాబు గారి అంబాసిడర్ కారు వెనక కమాన్లనే. అవి బాగుపడ్డాక టాపిక్ కుదిరింది.

అప్పుడే ఫ్యాక్టరీకి ఉక్కు గట్టిదనం కొలిచే మిషను కొత్తగా వచ్చింది. ఆ మిషను మేలా, పీరు చెవి మేలా?

"బంగారం లాంటి టాపిక్కండీ!" అన్నారు హరిబాబు గారు. "ఎవరూ ముట్టుకోలేదు."

మూడేళ్లపాటు నడిచింది ఆ పోటీ. పీరు పాస్ చేసిన పట్టీలకు నీలం చుక్క, మిషను పాస్ చేసినవాటికి ఎర్ర చుక్క. చెరో వెయ్యి. ఎక్కడ విరిగినా ముక్క వెనక్కి తెస్తే ఊరికే కొత్తది ఇస్తామన్నారు కాబట్టి ముక్కలన్నీ ఆటోనగర్‌కే చేరేవి. వాటితోపాటు మెకానిక్కుల, పనివాళ్ల అభిప్రాయాలు కూడా కావాలని గైడు గారు ప్రశ్నల కాగితం తయారు చేయించారు.

"లాజరూ, పీరు మామ మాట మీద నీకెంత నమ్మకం? ఒకటి నుంచి ఐదు దాకా చెప్పు."

"ఐదేనా అండీ? మీ యూనివర్సిటీకి అంతకు మించి లెక్క రాదా?"

"అది పద్ధతయ్యా. ఐదంటే పూర్తిగా నమ్ముతున్నావని."

"సరే ఐదు వేసుకోండి. మరి మా ఆవిడ మాటకెంతో అడగరే?"

"అది ఇందులో లేదు."

"లేకపోతే అదేం పరిశోధన మేనేజరు గారూ!" అని సుత్తి భుజాన వేసుకుని పోయాడు లాజరు.

పీరుకి మాత్రం ఇదంతా పండగలా ఉంది.

"అల్లుడా, నా పేరు పుస్తకంలో ఉంటుందా?"

"ఉంటుంది మామా."

"ఇంగ్లీషులోనే?"

"ఇంగ్లీషులోనే."

ఆ సంగతి ఆటోనగర్ మొదటి రోడ్డు నుంచి చివరి రోడ్డు దాకా, వెల్డింగు షాపుల్లో, టైర్ల షాపుల్లో, బిర్యానీ బండి దగ్గర, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకొచ్చాడు పీరు. నీలం చుక్క ముక్క ఏదైనా తిరిగొస్తే మాత్రం ఆ పూట అన్నం తినేవాడు కాదు. కరిముల్లా రాసుకోవడం అయ్యాక ఆ ముక్కను సైకిలుకి కట్టుకుని ఇంటికి తీసుకుపోయి గోడ వారగా పేర్చేవాడు. ఎందుకంటే, తను తప్పు విన్నది తన దగ్గరే ఉండాలనేవాడు.

రెండు వేల రెండు మొదట్లో లెక్క తేలింది. వెయ్యికి ఎర్ర చుక్కవి తొంభై మూడు విరిగాయి. నీలం చుక్కవి నలభై ఒకటి.

కరిముల్లా ఆ కాగితాన్ని పదిసార్లు చూసుకున్నాడు. అతని జీవితంలో తన బుర్రతో కనిపెట్టిన మొదటి నిజం అది. సయీదా ముందు కూడా చదివాడు. "మీ కాగితాలు పరవడానికి మంచాలు చాలక మేం నేల మీద పడుకుంటున్నాం, ఆ మాత్రం తేలకపోతే ఎలా?" అంది సయీదా. అని, మామయ్య గెలిచాడని సేమ్యా వండింది.

రామకోటేశ్వరరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశారు.

"ఇది బయటికి పోకూడదండీ."

"సార్, మూడేళ్ల శ్రమ..."

"మిషను చూపించే కదండీ ఫ్యాక్టరీ అమ్మకానికి పెట్టింది! కొనేవాళ్లు పుణె నుంచి వస్తున్నారు. పీరు చెవి కోసిచ్చి తీసుకుపొమ్మనమంటారా?" ఆయన నవ్వారు. కరిముల్లా కూడా అలవాటుకొద్దీ నవ్వాడు. "కంపెనీ లెక్కలు వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు నా సంతకం ఉండాలి కదా మీకు? పెడతాను. ఎందుకు పెట్టను? ఆ పట్టిక ఒక్కటి చూసి పెడతాను. పెద్ద కంపెనీ వచ్చాక జనరల్ మేనేజర్ కింద మీ పేరే చెబుతాను."

కరిముల్లా హరిబాబు గారి దగ్గరికి పరిగెత్తాడు. గడువు వచ్చే ఏడాది జూన్‌తో సరి, ఆ తర్వాత మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాలని ఆయన గుర్తు చేశారు. "అంకెలు మార్చమని మాత్రం నేను చెప్పనండీ," అన్నారు. గుమ్మం దాకా సాగనంపి, "నేను చెప్పను," అని ఇంకోసారి అన్నారు.

బీసెంట్ రోడ్డు వెనక సందులో పద్మావతమ్మ అనే ఆవిడ కంప్యూటర్ టైపింగు చేసేది. అయిదేళ్లుగా కరిముల్లా పుస్తకమంతా ఆమె చేతి మీదుగానే నడిచింది. కరిముల్లా ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని, చర్చిలో ఫాదరు ముందు పాపం ఒప్పుకుంటున్నవాడిలా తల వంచుకుని, నెమ్మదిగా అన్నాడు.

"నాలుగో చాప్టర్లో పదకొండో పట్టిక తీయండమ్మా. పైన మిషనుకొకటి, చెవికొకటి రెండు మాటలున్నాయి చూడండి. ఇది అటు, అది ఇటు."

"అంకెలేం మార్చక్కర్లేదా అండీ?"

"అంకెలు మార్చను. అంకెలు నిజమే."

"ఇంతేనా? ఇదొక్క నిమిషం పని," అందామె. నిమిషం కూడా పట్టలేదు.

ఆ తర్వాత చాలాకాలం కరిముల్లా తనకు తాను అదే చెప్పుకున్నాడు. ఒక్క అంకె కూడా మార్చలేదని. ఆ తొంభై మూడూ, ఆ నలభై ఒకటీ అచ్చంగా అలాగే ఉన్నాయని. పీరు పేరు ఉండాల్సిన చోట "పరీక్షకుడు అ" అని పెట్టడం కూడా పద్ధతి ప్రకారమేనని, పుస్తకాల్లో పేర్లు రాయరని చెప్పుకున్నాడు.

మౌఖిక పరీక్ష బహిరంగంగా జరుగుతుందని తెలిసి పీరు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, అత్తరు రాసుకుని, బస్సెక్కి వచ్చాడు. వెనక వరసలో లాజరు పక్కన కూర్చున్నాడు. పై ఊరి యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసరు పదకొండో పట్టికనే పట్టుకుని మెచ్చుకున్నాడు. సంప్రదాయం పేరుతో సాగుతున్న గుడ్డినమ్మకాన్ని ఒక మేనేజర్ ధైర్యంగా బయటపెట్టాడన్నాడు. అంతా ఇంగ్లీషే. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా ఎక్కువసేపు కొట్టింది పీరు. అతని చప్పట్లు ఆగేదాకా కరిముల్లా బల్ల మీద గాజు గ్లాసునే చూస్తూ నిలబడ్డాడు.

ఫ్యాక్టరీ ఆవరణలో సన్మానం జరిగింది. దండ పీరు చేతే వేయించారు. "డాక్టరు గారూ!" అని పిలిచి, సొంత కొడుకుని కావలించుకున్నంత గట్టిగా కావలించుకున్నాడు. నెల తిరక్కుండా పీరుకీ, అతని కింద పని నేర్చుకుంటున్న ఇద్దరికీ పనిలోంచి తీసేసినట్టు కాగితాలు అందాయి. శాస్త్రీయ అధ్యయనం ఆధారంగా వినికిడి పరీక్షను రద్దు చేస్తున్నామని, పదకొండో పట్టిక చూసుకోవచ్చని అందులో ఉంది.

పీరు మనవరాలు ఆస్రా డిగ్రీ చదువుతోంది. కరిముల్లా బహుమతిగా ఇచ్చిన పుస్తకం ఇంట్లో గుడ్డ చుట్టి అటక మీద ఉంది. దించి, ఆ పట్టిక తీసి, తాతకు చదివి చెప్పింది.

మర్నాడు పొద్దున్నే పీరు కరిముల్లా ఇంటికి వచ్చాడు. అరవలేదు. తిట్టలేదు. సయీదా వేసిన కుర్చీలో కూర్చోలేదు.

"అల్లుడా, నావి తొంభై మూడు విరిగాయని రాశావంట."

"మామా, అది... నమూనా పద్ధతి వేరు, విశ్లేషణలో..."

"నాకు ఇంగ్లీషు రాదు. లెక్క వచ్చు. మా గోడ వార నలభై ఒకటి ఉన్నాయి. ఒక్కోటీ ఎందుకు పోయిందో చెప్పమన్నా చెప్తాను. ఇంకా యాభై రెండు ఉండాలి కదా. ఎక్కడ పెట్టావో చూపించు. నావే అయితే మోసుకుపోతాను."

పీరు కాసేపు నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు, పట్టీ మోత చచ్చేదాకా ఆగినట్టే ఆగాడు. తర్వాత చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

సయీదా వంటింట్లోంచి అంతా విన్నది. "పుస్తకంలో మామయ్య పేరెక్కడుందో చూపించండి," అని పుస్తకం తెచ్చి భర్త ఒళ్లో పడేసింది. నాలుగు వందల పేజీలు. అతను తిప్పుతూనే ఉన్నాడు, వెతుకుతున్నట్టు.

పుణె కంపెనీ వచ్చింది. తనతోపాటు తన జనరల్ మేనేజర్నీ తెచ్చుకుంది. ముప్పై ఐదేళ్ల కుర్రాడు, పేరు ముందు ఏమీ లేదు. ఆ గది తాళం తీసిన రోజునే కరిముల్లాకు స్వచ్ఛంద విరమణ కాగితం వచ్చింది. రామకోటేశ్వరరావు గారు అప్పటికే హైదరాబాద్ వెళ్లిపోయారు, ఫోను ఎత్తలేదు. మిషను ఎర్ర చుక్కలు వేస్తూనే ఉంది, పట్టీలు విరిగి వస్తూనే ఉన్నాయి. కానీ వాటిని లెక్కపెట్టే వాళ్లు లేరు.

పీరు కంకిపాడులో కూతురి దగ్గరికి చేరాడు. ఇంటి ముందు అరుగు మీద కూర్చుంటే రోడ్డున పోయే ప్రతి లారీ జబ్బూ తెలిసిపోతూనే ఉంటుంది. పాత డ్రైవర్లు బండి ఆపి, "బాబాయ్, ఏ పట్టీ పోయిందో కాస్త చెప్పవా," అని బతిమాలతారు. "మిషను ఉంది కదా, దాన్నడగండి," అంటాడు. ఒకసారి అతను చెప్పనందుకు మచిలీపట్నం దాకా వెళ్లిన లారీ మనస్తాపంతో అక్కడే కూలబడిపోయిందంటారు. అంత కాదులెండి, ఉయ్యూరు దాటింది.

కరిముల్లాకు మిగిలింది పేరు ముందున్న ఆ రెండక్షరాలే. వాటిని పట్టుకుని మేనేజ్‌మెంట్ కాలేజీల్లో గెస్టు లెక్చర్లు ఇస్తున్నాడు. ప్రతి లెక్చర్లోనూ పదకొండో పట్టిక తెర మీద వేస్తాడు. అది లేకపోతే చెప్పడానికి అతని దగ్గర వేరే పాఠం లేదు. ఇంటి గుమ్మానికి ఇత్తడి బోర్డు ఉంది. సయీదా దాన్ని తప్ప ఇంట్లో అన్నిటినీ తుడుస్తుంది.

రెండు వేల ఎనిమిదిలో జ్యోతిర్మయి అనే బ్యాంకు మేనేజర్ ఆ ఇంటికి వచ్చింది. ఆమె కూడా పార్ట్‌టైమ్ డాక్టరేటులో చేరింది. తన పరిశోధన కోసం ఆటోనగర్ తిరుగుతుంటే లాజరు కలిశాడు, మొదట్నుంచీ చివరిదాకా అంతా చెప్పాడు. సయీదా టీ తెచ్చి బల్ల మీద పెట్టి, వెళ్లకుండా అక్కడే నిలబడింది.

"తప్పుగా అనుకోకండి సార్," అంది జ్యోతిర్మయి. "మీ థీసిస్సే నాకు ఆధారం. అందుకే అడుగుతున్నాను. పీరు గారని ఒకాయన ఉండేవారట, ఆ పట్టికలో..."

కరిముల్లా భార్య వైపు చూడలేదు.

"చూడమ్మా," అన్నాడు. "అంతా కట్టుకథ. అలాంటిదేమీ జరగలేదు. ఆ పట్టికలో ప్రతి అక్షరం నేను నా చేత్తో సరిచూసుకున్నదే. పీరు అనే మనిషి ఎవరో నాకు తెలియదు."