పన్నెండు తలలు

ప్రయాణం ఉన్న రోజు లూషియస్ పెట్వే పొద్దుటి నుంచీ మంచినీళ్లు ముట్టేవాడు కాదు. అలబామాలోని నల్లవాళ్ల కాలేజీకి అతను బస్సు డ్రైవరు. దారిలోని మరుగుదొడ్లు తెల్లవాళ్లకే, తమలాంటి వాళ్లను రానివ్వరు. బాస్కెట్‌బాల్ కుర్రాళ్లకూ అదే నియమం పెట్టాడు. ఇలాంటి కట్టుబాట్లు లేని షికాగో నుంచి ఆ ఏడే వచ్చిన పొడుగాటి క్లెమెంట్ రడ్ మాత్రం నవ్వేసి మూడు సోడాలు తాగి ఎక్కాడు.

అది 1963 ఫిబ్రవరి. మిసిసిపీలో ఆట. కోచ్ తన కారులో ముందే వెళ్లిపోయాడు. మధ్యాహ్నం దారిలో రేడియేటరు పొగలు కక్కింది. తప్పక ఓ పెట్రోలు బంకు దగ్గర ఆపి పెట్వే నీళ్లు పోస్తుంటే, క్లెమెంట్ తెల్లవాళ్ల మరుగుదొడ్డిలోకి వెళ్లొచ్చాడు.

“తలుపు తీసే ఉంది పెద్దాయనా,” అన్నాడు.

పెట్వే రేడియేటరు మూత బిగించాడు. బంకు యజమాని అప్పటికే ఫోను అందుకున్నాడు.

నాలుగు మైళ్లు దాటేసరికి ఓ పికప్ ట్రక్కు వెంటపడింది. లోపల ముగ్గురు తెల్లవాళ్లు. పెట్వే బండి వేగాన్ని నలభై అయిదు మైళ్లు దాటనివ్వలేదు, తగ్గనివ్వలేదు. ఆ దారిలో నల్లవాడికి వేగమూ నేరమే, నెమ్మదీ నేరమే. ఎవరూ వెనక్కి చూడొద్దని, పాడుతున్న పాట ఆపమని కుర్రాళ్లకు చెప్పాడు. పికప్ పక్కకొచ్చి, బస్సును రాసుకుంటూ కాసేపు నడిచి, మళ్లీ వెనక్కి తగ్గింది.

క్లెమెంట్ ముందుకొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

“నన్ను దింపెయ్, పెద్దాయనా. వాళ్లక్కావలసింది నేనే.”

“పన్నెండు మందిని ఎక్కించుకున్నాను. ఒకడు తగ్గితే మీ అమ్మకి ఉత్తరం నేను రాయాలి. నా చేతిరాత బాగోదు. వెళ్లి కూర్చో.”

పదిహేడు మైళ్లు అలాగే సాగాక, ఆ జిల్లా సరిహద్దు వంతెన దగ్గర పికప్ ఆగిపోయింది. ఎందుకు ఆగిందో పెట్వేకు తెలియదు.

ఆ సాయంత్రం, ఆటకి ఇరవై పాయింట్లు వేసే క్లెమెంట్ నాలుగే వేశాడు. జట్టు ఓడింది. మర్నాడు తిరిగి వచ్చేటప్పుడు పెట్వే వేరే దారి పట్టాడు. అరవై మైళ్లు ఎక్కువ. ఈసారి క్లెమెంట్ చుక్క నీళ్లు తాగలేదు. కాలేజీ గేటు దగ్గర బస్సు ఆపి, దిగుతున్న తలలు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు పెట్వే.

పన్నెండు.