ఇద్దరు నిలబడే కిటికీ

నాది స్వచ్ఛంద పదవీ విరమణట. ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది. కళ్లు బాగున్నాయి, చేతిరాత చెక్కు చెదరలేదు. నా అంతట నేను ఎందుకు వెళ్తాను? పొగబెట్టారు, వచ్చేశాను.

తెలుగు సరిహద్దుకి ఆనుకుని ఉన్న కొంటా వైపు ఒక చిన్న సర్కారు ఆసుపత్రి. ఏ ఊరో చెప్పను. అక్కడ పర్చీ రాసే కిటికీల్లో ఒకటి నాది. ఆ చీటీ లేకుండా డాక్టర్ ఎవర్నీ చూడడు. సంత రోజు అడవి ఊళ్ల నుంచి దోర్లా తెగ ఆడవాళ్లు గుంపులుగా వచ్చేవాళ్లు. పర్చీలో భర్త పేరుకి ఒక గడి ఉంటుంది. మా వైపు ఆడది మొగుడి పేరు నోటితో చెప్పదు. నేనూ చెప్పను. నాకు చదువొచ్చు కాబట్టి రాస్తాను, అంతే తేడా.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒకే ఊరివాళ్లని ఇద్దరిద్దర్ని కిటికీ దగ్గర నిలబెట్టేదాన్ని. ఈమె మొగుడి పేరు ఆమె చెప్పేది, ఆమె మొగుడి పేరు ఈమె. ఒకామె పేరుతో పాటు వాడి తాగుడు సంగతి కూడా చెప్పి, పక్కామె చేత వీపు మీద ఒకటి తినేది. నవ్వులు. ఆలస్యమయ్యేది, నిజమే. కానీ నా చేతి మీదుగా తప్పు పేరు పోలేదు.

తర్వాత ఆసుపత్రి పెత్తనానికి రాయపూర్ వైపు నుంచి కొత్త సాబ్ వచ్చాడు. కిటికీకి మూడడుగుల దూరంలో పసుపు గీత గీయించాడు. ఒక్కొక్కరే గీత దాటాలి. రోజుకి ఎవరు ఎన్ని పర్చీలు రాశారో గోడ మీద పెట్టించాడు. అన్నిటికన్నా కింద ఎర్ర సిరాతో నా పేరు. ఒక సోమవారం వచ్చేసరికి నేను మెత్త కుట్టి వేసుకున్న కుర్చీ లేదు, దాని చోట ప్లాస్టిక్ స్టూలు ఉంది. కంప్యూటర్ నేర్పడానికి జగదల్‌పూర్ పంపేవాళ్ల జాబితాలో నా పేరు లేదు. ఎందుకని అడిగితే, "ఇంకెన్నాళ్లుంటారు మేడమ్, మీకెందుకు ఆ బాధ?" అన్నాడు. నెల తిరక్కుండా, కంప్యూటర్ రాదు కదా అని నన్ను వెనక గదిలో పాత రిజిస్టర్ల మధ్యకి తోశాడు. నేర్పనిది వాళ్లు, రానిది నాకు!

పొద్దున ఎదురుపడితే చాలు, అందరి ముందూ అదే పలకరింపు: "మేడమ్, అబ్ ఆరామ్ కర్ లీజియే." విశ్రాంతి తీసుకోవాలట. పక్కనున్న కుర్ర స్టాఫ్ కిసుక్కుమనేవాళ్లు. ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచేదాన్ని. పాపం, ఆయన చేసిన తప్పేముంది?

ఒకరోజు ఒక దోర్లా ఆమె నన్ను వెతుక్కుంటూ వెనక గదికి వచ్చింది. చేతిలో పర్చీ బదులు ఇప్పుడు కంప్యూటర్‌లో కొట్టిస్తున్న ఆసుపత్రి కార్డు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, ఒక్కదాన్నే నిలబెట్టిండ్రు. పేరు జెప్పు, పేరు జెప్పు అని ఒకటే అరుసుడు. నోటికొచ్చిన మగ పేరు మా అన్నదే. ఇప్పుడు ఊళ్లె ఎవరో చదివి జెప్పిండ్రు. మా అన్న మొహం ఎట్ల జూడాలె?"

కార్డు చూశాను. భర్త అన్న గడిలో తోడబుట్టినవాడి పేరు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె చెయ్యి పట్టుకుని గీత దాటి, దిద్దమని కిటికీలో అబ్బాయిని గట్టిగానే అడిగాను. సాబ్ బయటికొచ్చాడు. దిద్దాలంటే రుజువులు తెచ్చి ఆమె మళ్లీ వరుసలో నిలబడాలన్నాడు. నావైపు తిరిగి, "ఇది మీ కౌంటర్ కాదు. పని చేసేవాళ్లని చెడగొట్టకండి" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే దరఖాస్తు రాశాను. కారణం అన్నచోట "సొంత కారణాలు" అని రాయాలని ఆఫీసు గుమాస్తా చెప్పాడు. రాశాను. నా చేత్తో నేను రాసిన తప్పు అదొక్కటే. వీడ్కోలు రోజు సాబ్ శాలువా కప్పి, కుర్రవాళ్లకి చోటివ్వడం గొప్ప మనసు అన్నాడు. ఆ శాలువా ఆయన మొహాన కొట్టాల్సింది. మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మూడు నెలలకి మోకాలి నొప్పితో అదే ఆసుపత్రికి వెళ్లాను. పాత కార్డు చెల్లదు, కొత్తది తీసుకోమన్నారు. గీత దాటి ఒక్కదాన్నే కిటికీ ముందు నిలబడ్డాను. ఆ అబ్బాయే. కంప్యూటర్‌లో ఒక్కో గడీ కొట్టుకుంటూ వచ్చి, తలెత్తకుండా అడిగాడు.

"భర్త పేరు?"

"కాగితం ఇవ్వు, రాసిస్తాను."

"కాగితాలు తీసేశారు కదా మేడమ్. నోటితో చెప్పండి."

పెదవి కదిపాను. మాట రాలేదు. వెనక వరుస సణుగుతోంది. ఎవరైనా తోడు వస్తారేమోనని తిరిగి చూశాను. గీత అవతల ఆ దోర్లా ఆమె ఉంది. అదే కార్డు, దిద్దించుకోవడానికి మూడోసారి వచ్చిందట. నా అవస్థ చూసి నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"నువ్వు లోపల్నే ఉండాల్సింది గదక్కా" అంది.

సాబ్‌ని తిట్టడానికి నా దగ్గర మాటలు చాలానే ఉన్నాయి. ఆమె మాటకి మాత్రం కాస్త పక్కకి జరిగి, గీత దాటి రమ్మని కిటికీ ముందు నా పక్కన చోటిచ్చాను.